గంప దించిన మెట్లు

ఈమధ్య మా విడవలూరు వైపు పిల్లలు కొందరు ఫోన్ చేస్తున్నారు. "ఆంటీ, బయటినుంచి వచ్చే డాక్యుమెంటరీ వాళ్లకి లోకల్ కోఆర్డినేటర్లుగా పోదామనుకుంటున్నాం, ఏం కోర్సు చెయ్యాలి?" అని అడుగుతున్నారు. నేను ఏ కోర్సూ చెయ్యలేదు. బడికి కూడా సరిగ్గా పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఎండాకాలం దుమ్ములో బడికి నడిచి వస్తే మళ్లీ మంచం దిగడానికి రోజులు పట్టేది. మా అమ్మ సంఘంలో బైబిల్ స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించి, వాళ్ల కోసం ప్రార్థన చేసి వచ్చేది. సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే వాక్యాన్ని తెలుగులో, అరవంలో, ఇంగ్లీషులో చదివించేది. అదే నా బడి. ఆ మూడు భాషలే ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టినాయి. దేవునికి స్తోత్రం. మా అమ్మకి నేను తీర్చుకోలేనంత రుణం ఉంది.

వ్యాన్లు ఎక్కడ మాట్లాడాలి, పర్మిషన్‌కి ఎవరి దగ్గరికి పోవాలి, ఇవన్నీ మీకు ఎవరైనా చెప్తారు. నేను రాసేది ఆ పని లోపల ఏముంటుందో.

పని ఏమిటంటే

మన తీరానికి సినిమాలు తీసే క్రూలు దేనికైనా వస్తాయి. పులికాట్ పక్షులకు వస్తారు, శ్రీహరికోట రాకెట్టుకు వస్తారు, తుఫానుకు వస్తారు. వాళ్లకి బస, భోజనం, పడవ చూడటం మన పని. కెమెరా ముందు మాట్లాడేవాళ్లను వెతకడం, వాళ్ల మాట వీళ్లకి, వీళ్ల మాట వాళ్లకి తిప్పి చెప్పడం కూడా మన పనే. ఇదంతా పైకి కనపడేది. అసలు పని, కెమెరా ఉన్న మనిషికీ లేని మనిషికీ మధ్య నిలబడటం. కెమెరా ఉన్నాయన వారంలో పోతాడు. మనం మళ్లీ అదే సంతలో కూరగాయలు కొనుక్కోవాలి.

ఈ సంగతి నాకు నేర్పింది రాఘవన్ గారు. చెన్నై నుంచి వచ్చే కెమెరామన్. ఎవరింటికి పోయినా ముందు టీ తాగందే పెట్టె తెరిచేవాడు కాదు. డైరెక్టర్లు వెలుతురు పోతోందని గోల పెట్టినా సరే. "పెట్టె తెరిస్తే వాళ్లు నటిస్తారు, కృపా. అంతకు ముందు ఉన్నదే నిజం. అది చూసుకుని తర్వాత తియ్యాల," అనేవాడు తన అరవపు తెలుగులో. ఆయనకి కోపం ఎక్కువ, మాట కటువు. అయినా ఆయన తీసిన మనుషులెవరూ తర్వాత మా మీదికి తగువుకి రాలేదు. నేను ఎంతోమందితో పనిచేసినాను, అంత మంచి కితాబు ఇంకొకరికి ఇవ్వలేను.

ఒక డైరెక్టరు ఉండేవాడు. రాకెట్టు ఎగిరేటప్పుడు కింద జనం ముఖాలు కావాలన్నాడు. పులికాట్ సరస్సు ఇవతల ఒక ఊళ్లో ఆడవాళ్లు రొయ్యలు ఒలుస్తా ఉన్నారు. రాకెట్టు లేచింది, నేల అదిరింది, ఒక్కరూ తల ఎత్తలేదు. ఆయన నీరుగారిపోయినాడు. కొంచెం ఆగి, రాకెట్టు పోయినాక, ఇప్పుడు ఆకాశంలోకి చూసి ఆశ్చర్యపోమని చెప్పమన్నాడు. నేను చెప్పినాను. ఒక ముసలామె చేతిలో రొయ్య అట్లాగే పట్టుకుని, "యాడ చూడాలమ్మే?" అంది. పైకి చూడవ్వా అన్నాను. "పైన ఏముండాది? అది పోయినాది గదా. మేం పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి పోతానే ఉండాయి." చివరికి మమ్మల్ని వదిలించుకోవడానికి చూసినారు. ఆ సినిమాలో ఆ ముఖాలు మొదటిసారి మనిషి ఆకాశాన్ని చూసినట్టు కనపడతాయి. ఊళ్లో వేసి చూపించినప్పుడు జనం పొట్టలు పట్టుకుని నవ్వినారు. డైరెక్టరుకి మాత్రం వాళ్లెందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు.

నవ్వుకుని వదిలేసే తప్పులు ఇలాంటివి. నవ్వుకోలేని తప్పు జరగబోయి ఆగిన ఒక సినిమా గురించి చెప్పాలని ఈ రాత మొదలుపెట్టినాను. అదే నా చివరి పని కూడా.

నాలుగో మనిషి

ఆ డైరెక్టరు పేరు నందిత. బొంబాయి అమ్మాయి. జ్ఞాపకశక్తి పోటీల్లో ఆడేవాళ్ల మీద సినిమా తీస్తోంది. పేకముక్కల కట్ట కలిపి ఇస్తే ఆ వరసంతా నిమిషాల్లో మనసులో పెట్టుకుని మళ్లీ ఒప్పజెప్పడం, పొడుగాటి అంకెల వరసలు ఒప్పజెప్పడం, ఇలాంటి పోటీలు. ఇది కూడా ఆటేననీ, పరుగుపందెం మాదిరి దీనికీ రోజూ సాధన కావాలనీ నాకు అంతవరకూ తెలియదు.

నలుగురు ఆటగాళ్లతో సినిమా. పూణేలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకాయన, ఢిల్లీ స్కూలు కుర్రాడు, లక్నోలో ఒక ముస్లిం డాక్టరమ్మ. నాలుగో మనిషి మన చిట్టమూరు మండలం అమ్మాయి, భవాని. సరస్సు ఒడ్డున చేపలు పట్టే వాళ్ల ఊరు. డిగ్రీ కామర్సు చదువుతోంది. ఫోనులో వీడియోలు చూసి ఈ ఆట నేర్చుకుని రాష్ట్ర పోటీల్లో గెలిచి జాతీయ పోటీలకు పోతోంది.

"ఇలాంటి సినిమాలన్నీ ఒకే రకం మనుషులతో నిండిపోయి ఉంటాయి, కృపాజీ. నా సినిమాలో దేశం కనపడాలి. వైవిధ్యం ఉండాలి," అన్నది నందిత నాతో మొదటి ఫోనులోనే. ఆ మాటకి ఆమెను ఇప్పటికీ దీవిస్తాను. ఇంతకు ముందు తరం డైరెక్టర్లు మన పక్షుల కోసం వచ్చినారు గానీ, మన ఊరి పిల్ల తెలివి కోసం ఒక్కరూ రాలేదు. ఈమె వచ్చింది. అది చిన్న విషయం కాదు.

కెమెరా రాఘవన్ గారే. ఆయన ఉన్నాడని తెలిశాకే నేను ఒప్పుకున్నాను. అప్పటికే నాకు మెట్లెక్కితే ఆయాసం, ఇంక చాలు అనుకుంటున్న రోజులు.

షూటింగుకు ముందు రోజు నందిత లాప్‌టాప్‌లో మిగతా ముగ్గురివీ తీసిన ముక్కలు చూపించింది. చాలా బాగున్నాయి. ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగింది, నువ్వు ఎలా గుర్తుపెట్టుకుంటావు అని. వాళ్లు చెప్పినారు. తెలిసిన దారి ఒకటి ఎంచుకోవాలి. దాంట్లో వరసగా చోట్లు పెట్టుకోవాలి. ఒక్కో పేకముక్కకు ఒక బొమ్మ అనుకుని, ఆ బొమ్మను ఆ చోట్లో వదిలిపెట్టుకుంటా పోవాలి. మళ్లీ అదే దారిలో మనసులో నడిస్తే అన్నీ వదిలిన చోటే ఉంటాయి. పూణే ఆయనకి వాళ్ల అపార్టుమెంటు. ఢిల్లీ కుర్రాడికి మెట్రో స్టేషన్లు. డాక్టరమ్మకు వాళ్ల అమ్మమ్మ ఇల్లు. ఆ దారులన్నీ సినిమాలో రంగురంగుల బొమ్మలుగా గీయించబోతోందట.

"మరి మన భవానికి ఏం గీయిస్తారు?" అని అడిగినాను.

"భవానికి బొమ్మలు ఎందుకు? ఆ సరస్సు చాలదా? తెల్లవారే వేళ పడవ, వెనక ఫ్లెమింగోలు," అంది నందిత. కళ్లు మెరుస్తా ఉన్నాయి.

నేను తల ఊపినాను. నాకు కూడా ఆ పక్షులు ఇష్టమే.

ప్రశ్నలు

మర్నాడు పొద్దున భవాని ఇంటికి పోయినాం. రాఘవన్ గారి టీ అయినాక, భవానిని పడవెక్కి వల విసరమన్నది నందిత. నేను తెలుగులో చెప్పేసరికి లోపలినుంచి వాళ్ల నాయన నవ్వు వినపడింది.

"అది వల విసిరితే నేను సాయంత్రం దాకా చిక్కు తీసుకుంటా కూర్చోవాల," అన్నాడు.

"నేను పడవెక్కితే కక్కుకుంటానక్కా," అంది భవాని నాతో. "చిన్నప్పటినుంచీ అంతే. మా ఊళ్లో నా పేరే ఎగతాళి. కామర్సు పుస్తకం పట్టుకోమంటే పట్టుకుంటా."

వల మాట అంతటితో పోయింది. నీళ్ల పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టినాం. నందిత ఇంగ్లీషులో అడుగుతుంది, నేను తెలుగులో అంటాను. అమ్మాయికి ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ తెలుగులో చెప్తానన్నది.

చిన్నప్పుడు అన్నం లేని రోజులు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న.

"ఉన్నాయి లేండి. గాలివాన వస్తే వేటకు పోరు కదా. అందరికీ ఉంటాయి. దానివల్ల పేకముక్కలు గుర్తుండవు."

నీలో ఈ వరం ఉందని మొదట ఎవరు గుర్తించినారు అన్నది రెండోది. ఇంత చిన్న ఇంట్లో పెద్ద కలలు ఎలా కన్నావు అన్నది మూడోది. నేను తిప్పి చెప్తా ఉన్నాను. చెప్తా చెప్తా నిన్న చూసిన ముక్కలు గుర్తొచ్చినాయి. ఆ ముగ్గురినీ నీ పని ఎలా చేస్తావని అడిగినారు. ఈ అమ్మాయిని నీ కష్టం ఎలా ఉందని అడుగుతున్నారు.

భవానికి ఆ ముక్కల సంగతి తెలియదు. అయినా నాలుగో ప్రశ్నకి మైకు మీద చెయ్యి పెట్టింది.

"కృపక్కా, నేను ఈ సినిమాలో ఎందుకు ఉంటానన్నానో వీళ్లకు చెప్పినారా?"

"నువ్వు నాకు చెప్పలేదమ్మా."

"డిగ్రీ అయిపోతానే నాయుడుపేటలో క్లాసు పెట్టాలనుకుంటున్నా. పిల్లలకు ఈ పద్ధతి నేర్పాల. ఒకసారి ఒక ట్యూషన్ సెంటర్లో అడిగినా. ఆయన ఏమన్నాడో తెలుసా? అది నీకు దేవుడిచ్చిన వరమమ్మా, పిల్లలకెట్టా వస్తాది అన్నాడు. సినిమా వస్తే నేను నేర్చుకుని చేస్తున్నానని తెలుస్తాదని ఒప్పుకున్నా. ఇప్పుడు వీళ్లు కూడా వరం అంటా ఉన్నారు. వరం అయితే నేర్పేదానికి ఏముంటాదక్కా? ఇట్లాగైతే నన్ను తీసెయ్యమనండి. ముగ్గురితోనే చేసుకోమనండి."

నేను విశ్వాసిని. ఎవరి తెలివైనా దేవుడిచ్చిందేనని నమ్ముతాను. కానీ ఆ నిమిషంలో నాకు ఒకటి తట్టింది. పూణే ఇంజనీరు తెలివిని కూడా దేవుడే ఇచ్చినాడు కదా, మరి ఆయన్ని ఎవరూ వరం గురించి అడగలేదే.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంటర్వ్యూ జరిగేటప్పుడు మనం సొంత మాట కలపకూడదు. గొంతు మాత్రమే మనది. నేను అంతవరకూ ఎన్నడూ దాటలేదు, మీరూ దాటకండి. దాటాల్సి వస్తే మాత్రం కెమెరా ఆపించి, అందరి ముందూ, మీ మాటని మీ మాటగా చెప్పండి. నేను అదే చేసినాను. రాఘవన్ గారిని ఆపమన్నాను. భవాని చెప్పింది చెప్పినట్టు నందితకి చెప్పినాను. తర్వాత, "ఇంక నేను చెప్పేది నాది. ఆ ముగ్గురినీ అడిగింది ఈమెను అడగందే నేను తక్కిన ప్రశ్నలు తిప్పలేను," అన్నాను.

నందిత ముఖం ఎర్రబడింది. "నేను ఈమె పక్షాన ఉన్నాను కృపాజీ. ఈమె లేమి నిజం కాదా? దాన్ని దాచితే అది అబద్ధం కాదా?"

"దాచమనలేదమ్మా. దాంతోపాటు ఆ ఒక్క ప్రశ్న కూడా అడగండి."

"ఆ ప్రశ్న అడగకూడదని కాదు. నాకు తట్టలేదు," అంది, గొంతు తగ్గించి.

ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. అనలేని డైరెక్టర్లను నేను చాలామందిని చూసినాను. రాఘవన్ గారు కెమెరా వెనకనుంచి తల ఎత్తకుండానే, "అడుగు తల్లీ. అడిగితే ఏం పోతాది? నచ్చకపోతే కోసుకో," అన్నాడు.

నందిత అడిగింది, నువ్వు ఎలా గుర్తుపెట్టుకుంటావు అని. భవాని స్టూలు ముందుకి లాక్కుని కూర్చుంది.

మెట్లు

భవాని వాళ్లమ్మ కామాక్షమ్మ పొద్దున్నే రొయ్యలూ పీతలూ గంపలో వేసుకుని, ఆటోలో నాయుడుపేట పోయి వీధుల్లో అమ్మి వస్తుంది. సెలవుల్లో భవాని కూడా పోయేది. కామాక్షమ్మ గంప ప్రతి గడపలోనూ దించదు. బరువు గంప మళ్లీ నెత్తికెత్తుకోవాలంటే ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. అందుకని చెయ్యి వేసేవాళ్లున్న ఇళ్ల ముందు మాత్రమే దించుతుంది. ఒకచోట సిమెంటు మెట్టు, ఒకచోట కుళాయి పక్కన రాతి చప్టా, ఇంకోచోట డాబా కింద అరుగు. చిన్నప్పటినుంచీ చూసిన ఆ వరస భవాని మనసులో అట్లాగే ఉండిపోయింది. ఫోనులో వీడియో చూసి, తెలిసిన దారి ఒకటి ఎంచుకోమంటే, ఆ అమ్మాయికి మరో దారి వెతుక్కునే పని లేకపోయింది.

"ఇస్పేటు రాణి మా మేనత్త," అంది భవాని. "ఎప్పుడూ అరుస్తానే ఉంటాది. ఆఠీను ఏడు పీత. డైమన్ జాకీ బస్సు కండక్టరు. ఇప్పుడు మొదటి మూడు ముక్కలూ ఇవే వచ్చినాయనుకోండి. మొదటి మెట్టు మీద మా అత్త కూర్చుని అరుస్తా ఉంటాది. కుళాయి కింద పీత నీళ్లు పోసుకుంటా ఉంటాది. అరుగు మీద కండక్టరు టికెట్లు కొడతా ఉంటాడు. మా అమ్మ గంప దించినప్పుడల్లా నేను ఒకర్ని చూస్తా. అంతే."

రాఘవన్ గారు నవ్వుకుంటా తీస్తా ఉన్నాడు. వెనకనుంచి కామాక్షమ్మ, "మే, మీ అత్త ఈ సినిమా చూస్తే మన ఇంటికొచ్చి అరుస్తాది," అంది.

అప్పుడు నందిత ఇంకొకటి అడిగింది. నీ చోట్లన్నీ గుమ్మం బయటే ఉన్నాయే, మిమ్మల్ని లోపలికి రానివ్వరా అని. అడిగినప్పుడు ఆమె గొంతులో మళ్లీ జాలి వచ్చింది. ఇంక సినిమా ఎటు పోతుందో నాకు అర్థమైంది. అయినా అది అడగాల్సిన ప్రశ్నే. నేను తిప్పి చెప్పినాను.

భవాని తడుముకోలేదు. "కొందరు రానివ్వరు. కొందరు రమ్మంటారు, మా అమ్మకి తీరిక ఉండదు. రానివ్వరన్నది కూడా పెట్టుకోండి, నాకేం సిగ్గు లేదు. కానీ అది వాళ్ల పద్ధతి. మీరు అడిగింది నా పద్ధతి. నాకు మెట్టు మంచిది. బయట వెలుతురుంటాది, సామాన్లు మార్చరు, ఏ ముక్క పెట్టినా స్పష్టంగా కనపడతాది. లోపలి గదిని పద్ధతికి పెట్టుకున్నవాళ్లు బీరువా జరిపితే తికమక పడతారు."

నందిత ప్రశ్నల కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత నాతో, "ఈమె మాటలు ఈమె గొంతులోనే ఉంచుతాను. కింద అక్షరాలు వేస్తాను. పైన నా గొంతు వద్దు," అంది. మొదట ఆమె అనుకున్నది తన గొంతుతో ఇంగ్లీషులో కథ చెప్పాలని. మీకు ఎప్పుడైనా ఎవరి గొంతు ఉండాలన్న మాట వస్తే, దాన్ని చిన్న విషయం అనుకోకండి.

వరస

మూడు రోజులు నాయుడుపేట వీధుల్లో తీసినాం. కామాక్షమ్మ ముందు నడుస్తుంది, పక్కన భవాని. జనం గేట్లు తెరిచి నిలబడి చూసినారు. కొందరు పిలిచి కాఫీ ఇచ్చినారు. ఒకామె గేటు వేసుకుని లోపలికి పోయింది. రాఘవన్ గారు దాన్నీ తీసినాడు, కామాక్షమ్మ వద్దనలేదు.

ఇక్కడ మా వృత్తిలో మాత్రమే జరిగే తప్పు ఒకటి జరిగింది. పొద్దున వీధి చివర వెలుతురు బాగుంటుంది, మొదట్లో నీడ. అందుకని మేము చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు తీసుకుంటా వచ్చినాం. సినిమా అంటే అంతే, వెలుతురు ఎటుంటే అటు. ఎడిటింగులో కూర్చేటప్పుడు వాళ్లు అందంగా ఉన్నదాని పక్కన అందంగా ఉన్నది పెట్టినారు. కొన్ని వారాలకి నందిత ఆ భాగం పంపించింది. భవాని నా ఫోనులో చూసింది. కుళాయి చప్టా తర్వాత రావాల్సిన అరుగు ఎక్కడో చివర వచ్చింది.

"వరస తప్పినాది," అంది.

నందితకి ఫోన్ చేసినాం. "చూసేవాళ్లు ఎవరికి తెలుస్తుంది భవానీ? నాయుడుపేటలో ఏ ఇల్లు ఎక్కడుందో ఎవరు చూస్తారు? ఆ అరుగు మీద వెలుతురు ఆ భాగం చివర పెడితేనే బాగుంది," అంది నందిత. తప్పుగా అన్న మాట కాదు, ఎడిటింగు తెలిసిన ఎవరైనా అంటారు.

"నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి తెలుస్తాది మేడం," అంది భవాని. "వరస ఒక్కటే ఈ పద్ధతి. బొమ్మలు ఎవరైనా అనుకుంటారు. వరస తప్పితే పేకకట్ట అంతా పోయినట్టే. ఢిల్లీ పిల్లోడి మెట్రో స్టేషన్లు ఎక్కడైనా తారుమారు చేసినారా మీరు?"

"లేదు," అంది నందిత. "అవి మ్యాపులో ఉన్నాయి కదా, తప్పు చేస్తే జనం ఊరుకోరని సరిచూసుకున్నాను."

"ఇది మా అమ్మ మ్యాపు," అంది భవాని.

నందిత మళ్లీ కూర్చి పంపించింది. అరుగు మీద వెలుతురు పక్క ముక్కలతో అంత బాగా కలవలేదు, నేను ఒప్పుకుంటాను. వరస మాత్రం సరిగ్గా ఉంది. ఆ వీధి పైనుంచి చూసినట్టు బొమ్మ కూడా గీయించింది, ఢిల్లీ మెట్రోకి గీయించినట్టే, అదే రంగుల్లో. ఆ బొమ్మ నేను మొదటిసారి చూసినప్పుడు కుర్చీలో కూర్చుని ప్రభువుకి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆయన నా చేత ఆ ఒక్క ప్రశ్న అడిగించినందుకు.

పిల్లలూ, వైవిధ్యం అన్నది మీరు చాలా వింటారు. నలుగురిలో ఒకరు మన తీరం వాళ్లుండాలని డైరెక్టర్లే మిమ్మల్ని వెతుక్కుంటా వస్తారు. సంతోషంగా పొండి. కానీ నలుగురినీ ఒకే ప్రశ్న అడుగుతున్నారా అని చూడండి. నలుగురి బొమ్మా ఒకే జాగ్రత్తతో గీస్తున్నారా అని చూడండి. మీకు ఇచ్చే డబ్బు పడవ మాట్లాడినందుకు అని వాళ్లు అనుకుంటారు. మీరు మాత్రం దీనికోసమే అనుకోండి.

హాలులో

జాతీయ పోటీల్లో భవాని మొదటి స్థానం తెచ్చుకోలేదు. లక్నో డాక్టరమ్మ గెలిచింది. భవాని పేకముక్కల్లో తన పాత రికార్డు తనే దాటింది. సినిమాలో ఆ ఘట్టం వచ్చినప్పుడు ఆ డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి భవాని భుజం పట్టుకుంటుంది. వాళ్లిద్దరూ ఇప్పుడు రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు.

నాయుడుపేటలో ఒక కల్యాణ మండపం తీసుకుని సినిమా వేసినారు. రాఘవన్ గారు చెన్నై నుంచి బస్సెక్కి వచ్చినాడు. హాలు నిండిపోయింది. సగంమంది కామాక్షమ్మ దగ్గర చేపలు కొనేవాళ్లు. తెర మీద వీధి వచ్చేసరికి గుసగుసలు మొదలైనాయి. అది మా గేటు, అది మా కుళాయి అని వేళ్లు చూపించుకుంటున్నారు. భవాని గొంతులో మొదటి మెట్టు మీద ఇస్పేటు రాణి అరుస్తోంది అని రాగానే ఆ మెట్టు ఇంటామె పక్కనామెతో, "చూసినావా, రాణిని మా ఇంటి ముందు పెట్టింది," అని గర్వంగా అంది.

సినిమా అయినాక ఒకామె కామాక్షమ్మని నిలబెట్టేసింది. "ఏం కామాక్షీ, రోజూ మా ఇంటి ముందు దించుతావు కదా గంప, మా మెట్టు ఏదీ? మీ అమ్మాయికి మా ఇల్లు గుర్తు లేదా?"

కామాక్షమ్మ చీర కొంగు సర్దుకుంటా, "మీ ఇంటికాడ బేరం అయ్యేలోపల పేకకట్టంతా మర్చిపోతాదమ్మా," అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వినారు. ఆమె కూడా నవ్వింది, తర్వాత కూడా గంపకు చెయ్యి వేసే విషయంలో ఎప్పుడూ వెనకాడలేదట.

భవాని చుట్టూ తల్లిదండ్రులు చేరినారు. ఎవరూ వరం అనలేదు. "మావాడికి ఎన్ని నెలల్లో వస్తుందమ్మా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న విని నేను రాఘవన్ గారి వైపు చూసినాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

తర్వాత

మొన్న నాయుడుపేట ఆస్పత్రికి పోయినప్పుడు భవాని క్లాసు చూడ్డానికి పోయినాను. మందుల షాపు మీద గది. పిల్లలు కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తా ఉన్నారు. ఆయాసంతో ఎక్కినాను కాబట్టి భవాని నాకు కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. ఒక పిల్ల బొమ్మ ఎక్కడో మర్చిపోయి ఏడుపు ముఖం పెడితే, "వెనక్కి నడిచి చూడు, నువ్వు వదిలిన చోటే ఉంటాది," అని నెమ్మదిగా చెప్తోంది. చూస్తా ఉంటే మనసు నిండిపోయింది.

క్లాసు అయినాక అడిగినాను, వచ్చే పోటీలకి కూడా ఆ మెట్లేనా అని.

"ఆ మెట్లు పోయినాయక్కా," అంది.

ఇళ్లు కూల్చినారేమో అనుకున్నాను.

"ఇళ్లు ఉన్నాయి. కళ్లు మూసుకుంటే ఇప్పుడు సినిమా కనపడతా ఉంది. ఆ మెట్టు మీద మా అత్తను పెడదామంటే రాఘవన్ సార్ కెమెరా పట్టుకుని నిలబడి ఉంటాడు. ముక్క పెట్టే చోటు లేదు." అంటా నవ్వింది. బాధగా ఏం చెప్పలేదు.

సినిమా మంచిదే. వరస సరిగ్గానే ఉంది. ఎవరి తప్పూ లేదు. అయినా మనం ఎంత జాగ్రత్తగా తీసినా తీసినచోట మన కాళ్ల గుర్తులు పడతాయని, పనిలోంచి బయటికి వచ్చినాక నాకు తెలిసింది. మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

"మరి ఇప్పుడు ఏ దారమ్మా?" అని అడిగినాను.

"కొత్త దారి పెట్టుకున్నా. దానికంటే బాగుంది. ఇంకా పెద్దది."

"ఏది?"

భవాని నా చేతిలోని గ్లాసు తీసుకుని, కిటికీ రెక్క వేస్తా, "చెప్పనక్కా. చెప్తే మీరు ఇంకో క్రూని తీసుకొస్తారు," అంది.

నేను మళ్లీ అడగలేదు.